ఫ్లాట్ లేచింది లేదు, ఈఎంఐ ఆగింది లేదు: తప్పెవరిది?

సర్జాపుర వాసి:
2018లో బెంగళూరు సర్జాపుర రోడ్డులో సబ్‌వెన్షన్ స్కీములో ఫ్లాట్ బుక్ చేశాం. తాళాలు ఇచ్చేదాకా వడ్డీ బిల్డరే కడతాడన్నారు. కొన్నాళ్లు కట్టి చేతులెత్తేశాడు. బిల్డింగ్ పిల్లర్ల దగ్గరే ఆగింది. అప్పు నా పేరు మీద ఉంది కాబట్టి బ్యాంకు ఫోన్లు నాకే. అద్దె ఒకపక్క, ఈఎంఐ ఒకపక్క. ఆఫీసులో ఈ మాటెత్తితే సగం మంది "అత్యాశకు పోయారు" అంటున్నారు. మీరేమంటారు?

అనంతపురం ఆడిటర్:
కోపం తెచ్చుకోకండి గానీ, వాళ్లన్నదాంట్లో నిజముంది. బిల్డర్ కట్టకపోతే కొన్నవాడే కట్టాలని ఇలాంటి ఒప్పందాల్లో రాసే ఉంటుంది. మనవాళ్లు బ్రోషర్‌లో స్విమ్మింగ్ పూల్ చూస్తారు, చివరి పేజీలో సంతకం పెడతారు. మధ్య పేజీలు ఎవరు చదవాలి? పైగా ఈ ఊళ్లో చాలామందికి అది రెండో ఫ్లాటు. రేటు పెరిగి ఉంటే ఆ లాభంలో బ్యాంకుకు వాటా ఇచ్చేవారా?

సర్జాపుర వాసి:
నాకు ఇదే మొదటి ఇల్లు సార్.

బ్యాంకు రిటైర్డ్, మారతహళ్లి:
సంతకం పెట్టినవాడికి బాధ్యత లేదనను. కానీ డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో చూడాలి కదండీ. కట్టడం ఏ దశకు వచ్చిందో చూసి దాన్నిబట్టే విడతలుగా బిల్డర్‌కు డబ్బు విడుదల చేయమని ఆర్‌బీఐ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. 2019 జులైలో నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఈ సబ్‌వెన్షన్ రుణాలే ఇవ్వొద్దని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. ఆరేళ్ల తర్వాత మళ్లీ ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటారు? బ్రాంచిలో టార్గెట్ ఉంటుంది. ఒక్క ప్రాజెక్టుతో వందల లోన్లు వస్తాయి. ఉద్యోగస్తుడు పండగ మానుకొనైనా ఈఎంఐ కడతాడు, అందుకే గోడ లేచిందా లేదా అన్న టెన్షన్ బ్యాంకుకు ఉండదు. పే స్లిప్పులు, ఫారం 16 అంత జాగ్రత్తగా చూసినవాళ్లు, సైటులో ఎన్ని స్లాబులు పడ్డాయో లెక్కపెట్టి డబ్బు వదిలితే ఈయన అప్పు ఇంత పేరుకునేది కాదు.

కడప కుర్రోడు:
పెద్దాయన చెప్పింది కరెక్ట్. అమెరికాలో 2008లో ఇళ్ల అప్పులు మునిగినప్పుడు జరిగిందీ ఇలాంటిదే. అప్పు ఇచ్చినవాడు దాన్ని వేరేవాడికి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు, రేటింగ్ కంపెనీలు దానికి ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికన్నా భద్రమని ముద్ర కొట్టాయి. మన కడప జిల్లా వై.వి. రెడ్డి గారు ఆర్‌బీఐ గవర్నరుగా ఉండగా 2004లో ఇంటి రుణాల రిస్క్ వెయిట్‌ను 50 నుంచి 75 శాతానికి పెంచారు. కమర్షియల్ రియల్ ఎస్టేట్‌కు 2006లో 150 శాతం చేశారు. అంటే అలాంటి అప్పు ఇవ్వాలంటే బ్యాంకు తన మూలధనం ఎక్కువ పక్కన పెట్టాలి. పగ్గం బిగించాలనుకుంటే బిగించొచ్చన్నమాట. (మా జిల్లా అని పొగడటం లేదు, కొంచెం ఉందిలెండి.)

అనంతపురం ఆడిటర్:
అక్కడ కూడా లేని జీతం ఉందని రాసిచ్చిన జనం ఉన్నారు కదా తమ్ముడూ.

బ్యాంకు రిటైర్డ్, మారతహళ్లి:
రాసిచ్చారు. చూడకుండా తీసుకున్నదెవరు?

హెచ్ఎస్ఆర్ లక్ష్మి:
అందరూ బ్యాంకును పట్టుకున్నారు, ప్రభుత్వాన్ని వదిలేశారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. అది ఉందో లేదో వెళ్లి చూసేదెవరు? మా అక్కవాళ్లకి రెరాలో వడ్డీతో సహా డబ్బు వెనక్కివ్వాలని ఆర్డర్ వచ్చింది. వసూలు కోసం అది డీసీ (మన కలెక్టర్ లాంటివారు) ఆఫీసుకి, అక్కణ్ణుంచి తహశీల్దారుకి వెళ్లింది. బిల్డర్ పేరు మీద జప్తు చేయడానికి ఏమీ లేదంటున్నారు. ఆయన మాత్రం కొత్త కంపెనీ పేరుతో ఇంకో ప్రాజెక్టు మొదలుపెట్టాడు!

అనంతపురం ఆడిటర్:
ఆర్డర్ అమలు కాకపోవడం ఘోరమే, ఒప్పుకుంటాను. కానీ రెరా సైట్లో ఆ బిల్డర్ మీదున్న ఫిర్యాదులు చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అదీ చూడని వాళ్ల మీద నాకు జాలి తక్కువ.

బ్యాంకు రిటైర్డ్, మారతహళ్లి:
సర్జాపుర బాబూ, కోపంలో ఈఎంఐ మాత్రం ఆపకండి, సిబిల్ స్కోరు పాడై రేపు ఇంకో అప్పు పుట్టదు. బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కు మీద 2025లో సుప్రీంకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఢిల్లీ చుట్టుపక్కల మొదలై తర్వాత బెంగళూరు కూడా అందులో చేరింది. మీరు బిల్డర్ మీద ఫిర్యాదు చేసి ఉంటే, అందులో బ్యాంకును కూడా ప్రతివాదిగా చేర్చారా?

సర్జాపుర వాసి:
లేదండీ. లాయర్ బిల్డర్ ఒక్కడి పేరే రాశారు. సోమవారం అడుగుతాను.