బీచ్ రోడ్డు స్మారకాల్లో సైనికులే ఉండాలా? యుద్ధంలో పోయిన మామూలు జనం మాటేమిటి?

వాల్తేరు వాసి:
డిసెంబర్ 4, నేవీ డే వచ్చిందంటే ఆర్కే బీచ్‌లో ఇసక వేస్తే రాలదు. అక్కడే 'విక్టరీ ఎట్ సీ' స్మారకం, కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరంలో మునిగిన సంగతి విశాఖలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. అదంతా ఉండాల్సిందే, నాకేం పేచీ లేదు.

కానీ ఇదే ఊరి మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. చనిపోయినవాళ్ళు కొద్దిమందే, కానీ ఆ భయానికి ఊళ్ళో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పారిపోయారు. అప్పటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లు మాత్రం ఊళ్ళో ఎక్కడా నా కంటపడలేదు.

బర్మా సంగతి ఇంకా పెద్దది. ఇచ్ఛాపురం నుంచి గోదావరి జిల్లాల దాకా ఎన్నో ఊళ్ళ వాళ్ళు రంగూన్ వెళ్ళి ఓడరేవులో మోత కూలీలుగా, బియ్యం మిల్లుల్లో పనివాళ్ళుగా, రిక్షా లాగుతూ బతికారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చాక భారతీయులు నాలుగైదు లక్షల మంది తిరుగుముఖం పట్టారు, ఎక్కువమంది కాలినడకనే. దారిలో పోయినవాళ్ళు 10 వేలని కొందరు, 50 వేలని కొందరు, అంతకంటే ఎక్కువని ఇంకొందరు అంటారు. వాళ్ళలో మనవాళ్ళు చాలామంది.

ఇంతకీ నా ప్రశ్న. యుద్ధ స్మారకం సైనికుడికే ఉండాలా? వీళ్ళకి ఒక రాయైనా అక్కర్లేదా?

మాజీ హవల్దార్:
నేను మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. అందుకని పక్షపాతం ఉంటుందనుకుంటే అనుకోండి. స్మారకం జాలిపడి కట్టేది కాదు. 'వెళ్ళు' అంటే వెళ్తానని ప్రమాణం చేసి, వెళ్ళి, తిరిగి రానివాడి కోసం కట్టేది. బాంబు పడి చనిపోయిన మనిషి గురించి ఎవరికైనా బాధే. అది దురదృష్టం, ఇది కర్తవ్యం. రెండూ కలిపేస్తే రేపు రైలు ప్రమాదంలో పోయినవాళ్ళకీ అదే గోడ మీద చోటడుగుతారు.

ఇంకోటి. ఇప్పుడు టీవీలో త్రివర్ణ పతాకం కప్పిన పెట్టె చూసి, సైనికుడికి ఎప్పుడూ ఇంత గౌరవం ఉండేదని అనుకుంటున్నారు. కార్గిల్‌కి ముందు చాలావరకు సరిహద్దు దగ్గరే దహనం చేసేసేవాళ్ళు. ఇంటికి టెలిగ్రామ్ వచ్చేది, ఆ తర్వాత ఎప్పుడో ట్రంకుపెట్టె వచ్చేది. 1971లో మా వీధి అబ్బాయి పోతే వాళ్ళమ్మ శవాన్ని చూడలేదు కాబట్టి నమ్మనే లేదు. చాలా ఏళ్ళు పండక్కి వాడికో కొత్త చొక్కా కుట్టించేది. యుద్ధం జరగాలని కూడా లేదు. పార్లమెంటు మీద దాడి తర్వాత 2001 డిసెంబర్ నుంచి పది నెలల పాటు సరిహద్దులో మోహరించి కూర్చున్నాం. ఒక్క యుద్ధమూ జరగలేదు, అయినా మందుపాతర్లకీ ప్రమాదాలకీ వందల మంది పోయారు. వాళ్ళని ఎంతమంది తలుచుకుంటున్నారు? ముందు ఆ బాకీ తీర్చండి.

గోదారి గట్టు:
హవల్దార్ గారూ, ప్రమాణం సంగతి ఒప్పుకుంటాను గానీ ఒక్కటి అడుగుతాను. మాది తాడేపల్లిగూడెం వైపు, మిలటరీ మాధవరం మాకు దగ్గరే. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి జనం వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. అక్కడి స్మారక స్తంభం దగ్గర పేర్లు చూస్తే గర్వంగానే ఉంటుంది. కానీ అప్పట్లో బ్రిటిష్ పట్టాళంలో చేరినవాళ్ళంతా దేశం కోసమే చేరారంటారా? జీతం కోసం, ఇంటికి మనియార్డరు వస్తుందని చేరినవాళ్ళు లేరా? అదే కరువుకి పక్క ఊరివాడు రంగూన్ ఓడెక్కాడు. ఒకడికి తుపాకీ దొరికింది, ఇంకొకడికి బియ్యం బస్తా దొరికింది. యుద్ధం ఇద్దరి మీదా పడింది.

మాజీ హవల్దార్:
ఎందుకు చేరాడన్నది ఎవరూ అడగరు బాబూ. చేరాక పారిపోలేదు, అదీ లెక్క.

పద్మజ (కంచరపాలెం):
మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. 1942లో నడిచొచ్చినవాళ్ళలో ఆవిడా ఉంది, అప్పటికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ప్రోమ్ దాకా రైలు దొరికిందిట. అక్కడి నుంచి టాంగప్ వైపు కొండలెక్కారు. ఆ దారంతా కలరా. నీళ్ళు కనబడితే తాగాలో మానాలో తెలియదు. వెనకొచ్చేవాళ్ళ కోసం ఆగితే ముందున్న గుంపు వెళ్ళిపోతుంది. చిన్న పిల్ల దారిలోనే పోయింది. ఆవిడ దాని గురించి ఏడుస్తూ చెప్పేది కాదు, ఉప్పు ధర చెప్పినట్టే చెప్పేది. నగ ఒక్కొక్కటీ ఎక్కడెక్కడ ఇచ్చేసిందో వరసగా చెప్పేది. పడవ వాడికి గాజులు, బియ్యానికి చెవి దిద్దులు, అలా. అక్యాబ్ చేరి, చిట్టగాంగ్ మీదుగా ఇల్లు చేరేసరికి ఒంటి మీద చీర తప్ప ఏమీ లేదు. ఊళ్ళో వాళ్ళకి చాలాకాలం ఆవిడ 'బర్మా మనిషి'. సానుభూతి చూపించినవాళ్ళ కంటే బంగారం దాచుకుని వచ్చిందేమోనని చూసినవాళ్ళే ఎక్కువ.

సైనికుల్ని తక్కువ చేయమని నేను అనను. మా ఇంట్లో ఆర్మీ వాళ్ళున్నారు. కానీ 'దురదృష్టం' అనే మాటతో సరిపెట్టేస్తే నాకు కష్టంగా ఉంది.

చిన్నోడు_శ్రీకాకుళం:
అక్కా, వైజాగ్‌లో బర్మా క్యాంపు ఉంది కదా, అది వీళ్ళ కోసం పెట్టిందేనా?

పద్మజ (కంచరపాలెం):
కాదు తమ్ముడూ. అది తర్వాతి కథ. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక 60లలో పంపించేసిన వాళ్ళకి పునరావాసం ఇచ్చారు. 1942 వాళ్ళకి అలాంటిదేమీ అందలేదనే మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. యుద్ధం అయ్యాక చాలామంది మళ్ళీ రంగూన్‌కే వెళ్ళారు, ఇక్కడ తిండి లేక. వాళ్ళలో కొందరు రెండోసారి వెళ్ళగొట్టించుకుని వచ్చారు.

లెక్కల మాస్టారు:
చర్చంతా 'ఎవరు గొప్ప' అన్న చోటే తిరుగుతోంది. నా దృష్టిలో అసలు తేడా కర్తవ్యం దగ్గర లేదు, రిజిస్టర్ దగ్గర ఉంది.

రంగూన్‌కి ఉత్తరాన తౌక్యాన్ దగ్గర ఒక యుద్ధ శ్మశానం ఉంది. అందులో సమాధి ఎక్కడుందో తెలియని కామన్వెల్త్ సైనికుల పేర్లు దాదాపు 27 వేలు రాళ్ళ మీద చెక్కారు. చాలావరకు భారతీయులవే. అంటే శవం దొరక్కపోయినా పేరు నిలిచింది. ఎందుకు? పట్టాళంలో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసి ఉంటాయి. ఆ కాగితం వల్లే భార్యకి పింఛను వస్తుంది, ఆ కాగితం వల్లే రాయి మీద పేరు వస్తుంది. ఓడరేవు కూలీకి ఉన్న ఒకే ఒక రికార్డు మేస్త్రీ దగ్గరున్న అప్పుల ఖాతా పుస్తకం. బాంబులు పడ్డ రోజున మేస్త్రీ పరారు, పుస్తకం బూడిద. మనిషి పోయాడని చెప్పడానికి కాగితం లేదు.

రాయి కట్టించడం ఎంతసేపు? కాంట్రాక్టరు దొరికితే మూడు నెలల్లో అయిపోతుంది, మంత్రిగారు రిబ్బను కోస్తారు. దాని మీద ఏం రాస్తారన్నదే ప్రశ్న. 'వేలాది మంది' అని రాస్తే ఎవరి గురించీ రాయనట్టే.

హిరోషిమాలో చూడండి. అక్కడి స్మారకం కింద చనిపోయినవాళ్ళ పేర్ల పుస్తకాలుంటాయి, ఏటా ఆగస్టు 6న ఆ ఏడు పోయిన బాధితుల పేర్లు అందులో చేరుస్తారు. సైనికుడా, పౌరుడా, బడికెళ్ళే పిల్లా అని విడదీయరు.

మాజీ హవల్దార్:
మాస్టారూ, రిజిస్టర్ మాట నిజమే. కానీ సైనికుడి పేరు ఆ రిజిస్టర్‌లోకి ఊరికే ఎక్కలేదు, సంతకం పెట్టాడు. ఆ సంతకం తర్వాత పారిపోతే కోర్టు మార్షల్. కూలీకి ఆ కట్టుబాటు లేదు. నచ్చకపోతే ఓడెక్కి వచ్చేయొచ్చు.

లెక్కల మాస్టారు:
అక్కడే ఆగండి. రాలేదు, రానివ్వలేదు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డాయి. ఆ ఒక్కరోజే వెయ్యి మందికి పైగా పోయారు. విమానాలు వస్తుంటే ఆశ్రయం చూసుకోకుండా వీధుల్లో నిలబడి ఆకాశం వైపు చూసినవాళ్ళే ఎక్కువ చనిపోయారు, వాళ్ళలో రేవు కూలీలు చాలామంది. మిగిలినవాళ్ళు వేలాదిగా ప్రోమ్ రోడ్డు పట్టుకున్నారు. ప్రభుత్వం ఏం చేసింది? సరుకు దించేవాళ్ళు లేకపోతే రేవు ఆగిపోతుందని వాళ్ళని దారిలో ఆపి, నచ్చజెప్పి వెనక్కి పంపింది. కూలి మగవాళ్ళకి ఓడల్లో డెక్ టికెట్లు ఇవ్వొద్దంది. ఆ రేవులో దిగుతున్నవి ఏమిటి? పట్టాళానికి సామాన్లు. చివరికి 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలో పడేముందు, దొరలకి ముందు చోటు, వీళ్ళకి కొండదారి. సంతకం పెట్టించుకోలేదన్న మాటే గానీ కదలనివ్వకపోవడంలో లోటేమీ చేయలేదు.

గోదారి గట్టు:
అదీ మాట!

మాజీ హవల్దార్:
రంగూన్ రేవు కూలీల వరకు మీ వాదన నిలుస్తుంది. అందరికీ నిలవదు.

సిటీ బస్ 219:
ఏమనుకోకుర్రి గానీ, ఎనభై ఏండ్ల కింద పోయినోళ్ళకు రాయి పెడ్తే ఎవరికి లాభం? మొన్న 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు హైదరాబాద్‌ల మేము మాక్ డ్రిల్ సైరన్ వీడియోలు తీసి స్టేటస్ పెట్టుకున్నం. అదే టైంల పూంచ్ ఊరి మీద షెల్స్ పడి పది మందికి పైగా మామూలు జనం పోయిన్రు, పిల్లలతో సహా. జమ్ము సరిహద్దు జిల్లాలల్ల 14 వేలకు పైగా బంకర్లు కట్టాలని కేంద్రం 2017లనే మంజూరు చేసింది. మొన్న పూంచ్ టౌన్‌ల జనం మా దగ్గర బంకర్లు సరిపోను లేవని మొత్తుకున్నరు. స్మారకం పైసలు అటు మళ్ళించుర్రి.

అదే వారం సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం నుంచి పోయిన అగ్నివీర్ కూడా నియంత్రణ రేఖ కాడ ప్రాణం ఇచ్చిండు. అసలు నాలుగేండ్లకు నౌకరీ అయిపోయి, నూటికి 75 మంది బయటకొస్తున్నప్పుడు సైనికుడు ఎవడు, పౌరుడు ఎవడు?

మాజీ హవల్దార్:
అగ్నివీర్ గురించి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. చాలా చెప్పాలి. ఇక్కడ వద్దు.

వాల్తేరు వాసి:
బస్ అన్నా, బంకర్లు కట్టొద్దని ఎవరన్నారు? కానీ మామూలు జనం చావు లెక్కలోకి రాదన్న అలవాటు వల్లే కదా బంకర్లకి తొందర ఉండదు.

పెరాక్ తెలుగు:
మలేషియా నుంచి రాస్తున్నాను. తెలుగు చదవడం ఇక్కడి తరగతుల్లో నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ముత్తాతలు బాగన్ దాతో వైపు కొబ్బరి తోటలకి వచ్చారు. జపాన్ వాళ్ళ కాలంలో మా తాతగారి అన్నయ్యని సయాం (ఇప్పటి థాయిలాండ్) రైలు పనికి తీసుకుపోయారు. మంచి జీతం, బియ్యం ఇస్తామన్నారుట. తిరిగి రాలేదు.

ఆ బర్మా–సయాం రైలు దారి 415 కిలోమీటర్లు, 1943 అక్టోబర్‌కి పూర్తి చేశారు. ఖైదీలుగా పట్టుకొచ్చిన మిత్రదేశాల సైనికులు 60 వేలకు పైగా పనిచేస్తే 12 వేలకు పైగా పోయారు. తమిళులు, తెలుగువాళ్ళు, మలయ్ వాళ్ళు, బర్మా వాళ్ళు, జావా వాళ్ళు కలిపి ఆసియా కూలీలు రెండు లక్షలు దాటారు. వాళ్ళలో దాదాపు 90 వేల మంది పోయారంటారు, ఎక్కువే అనేవాళ్ళూ ఉన్నారు. సైనికులకి క్యాంపులో సొంత డాక్టర్లు, అధికారులు ఉన్నారు. చనిపోయినవాడి పేరు దొంగతనంగానైనా రాసి దాచారు. కూలీల క్యాంపుల్లో కలరా వస్తే చూసేవాడు లేడు, రాసేవాడు అంతకన్నా లేడు.

నేను థాయిలాండ్‌లో కాంచనబురి వెళ్ళాను. సైనికుల శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులు, గడ్డి కత్తిరించి, పూలమొక్కలు పెట్టి అద్దంలా ఉంచుతారు. మా పెద్దతాతయ్య కోసం ఎక్కడ దండం పెట్టుకోవాలో తెలియక, పరాయివాళ్ళ సమాధుల మధ్య కాసేపు తిరిగి వచ్చేశాను. హవల్దార్ గారు చెప్పిన ఆ చొక్కా కుట్టించిన తల్లి గురించి చదివాక, మా ఇంట్లో కూడా ఆయనకి తద్దినం పెట్టలేదన్నది గుర్తొచ్చింది. చనిపోయిన తిథి తెలియదు కాబట్టి.

మాజీ హవల్దార్:
పెరాక్ బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఖైదీల్లో మా పట్టాళం వాళ్ళు పడ్డ బాధలు మాకు చెప్పేవాళ్ళు. కూలీల మాట ఒక్కరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమే.

నా మాట ఇది. కూలీలకీ, బర్మా నుంచి నడిచొచ్చినవాళ్ళకీ స్మారకం కట్టండి. పాత హార్బర్ దగ్గర కట్టండి, ఏప్రిల్ 6న దండలేయండి, నేను కూడా వస్తాను. డిసెంబర్ 4 నాటి స్మారకం మాత్రం కదపొద్దు.

పద్మజ (కంచరపాలెం):
వేరే చోటంటే ఎలా ఉంటుందో తెలుసు హవల్దార్ గారూ. ఒకచోట మంత్రులు, బ్యాండు మేళం. ఇంకోచోట ఏడాదికోసారి వార్డు మెంబరు.

లెక్కల మాస్టారు:
చోటు గురించి తర్వాత కొట్టుకుందాం. ముందు పేర్లు. ఇక్కడ ఎవరి ఇంట్లో 1942 బర్మా, మలయా కథలున్నాయో వాళ్ళు పేరు, స్వగ్రామం, అక్కడ చేసిన పని, ఏ దారిన వచ్చారు, ఎక్కడ పోయారు అన్నవి రాయండి. పేరు తెలియకపోతే మీకేం వరసవుతారో రాయండి. పద్మజ గారూ, ఆ చిన్నపిల్లకి పేరు పెట్టారా?

పద్మజ (కంచరపాలెం):
పెట్టారు. అమ్మకి అడిగి చెప్తాను.

సిటీ బస్ 219:
ఎక్సెల్ షీట్ నేను చేస్త. ఆఫీసుల రోజూ చేసేది అదే పని. ఊరి పేరు కాలమ్ పాతదా, ఇప్పటిదా?

లెక్కల మాస్టారు:
రెండూ పెట్టండి. పాత తాలూకా కూడా. అప్పటి శ్రీకాకుళం విశాఖ జిల్లాలోనే ఉండేది, లేకపోతే వెతకడం కష్టం.

మాజీ హవల్దార్:
మా మాజీ సైనికుల సంఘంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బర్మాలో పోయిన సిపాయిల పేర్లు కనుక్కుని ఇస్తాను. ఒకే షీట్‌లో వేసుకోండి, వేరే రంగులో.

వాల్తేరు వాసి:
వేరే రంగు ఎందుకండీ?

మాజీ హవల్దార్:
ఎందుకో ఇప్పటిదాకా చెప్తూనే ఉన్నాను కదయ్యా!