సమస్యాపూరణం: "విషము మేసి పురుగు వృద్ధి నొందె"

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ఒక్కటే షరతు: వేసవి చివర కాలిబాట మీద మీ కంటితో చూసినదే పద్యంలోకి రావాలి. గడ్డి ఎండి, పల్లేరు మాత్రం నేలనంటుకుని పచ్చగా పూస్తున్న రోజులివి. వంగి చూడండి.

గరికపోచ:
ఎండకాలమందు నెండని జిల్లేటి
యాకు నడిమి యీనె నదిమి కొరికి
పాలు కారనిచ్చి చివరను మేయుచు
విషము మేసి పురుగు వృద్ధి నొందె

నిర్వాహకుడు:
గరికపోచ గారూ, రెండో పాదం చదివి లేచి కూర్చున్నాను. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళిపురుగు చేసేది అచ్చంగా ఇదే. జిల్లేడు పాలు జిగురు, నోటికి అంటితే దవడలు బిగుసుకుపోతాయి. అందుకే ముందు ఈనె కొరికి పాలదారి తెంచి, ఆ తెగిన చోటికి అవతల ఉన్న ఆకు తింటుంది. చూడనివారు "ఈనె" అనరు, "ఆకు" అని ఊరుకుంటారు.

అయితే మూడో పాదంలో యతి తప్పింది: "పా"కు "చి" చెల్లదు. పైగా "మేయుచు" తర్వాత వెంటనే "మేసి" వచ్చి పునరుక్తి అయింది. "పాలు కారనిచ్చి పై కొస నమలుచు" అంటే రెండూ తీరతాయి. పా–పై యతి చెల్లుతుంది.

గరికపోచ:
సవరణ శిరోధార్యం. ఆ పురుగును గంటసేపు చూశానండీ. నలుపు, తెలుపు చారలు, పక్కన పసుపు మచ్చలు, వీపు మీద మూడు జతల నల్లని కొమ్ములు. గాలి తగిలితే ముందు జత అటూ ఇటూ ఊగేది. అన్నీ పట్టించాలనుకున్నాను, నాలుగు పాదాల్లో ఇమడలేదు.

వానచినుకు:
కాలిబాట చెంత గన్నేరు కొమ్మపై
వెండి జుంకి వోలె వ్రేలు గూడు
వీడి నల్లరెక్క విహరించు నిప్పుడు
విషము మేసి పురుగు వృద్ధి నొందె

నిర్వాహకుడు:
కామన్ క్రో అనే సీతాకోకచిలుక ప్యూపా (గూడు దశ)! గన్నేరాకు కింద అద్దంలా మెరుస్తుంది, చూసేవాడి ముఖం కూడా అందులో వంకరగా కనిపిస్తుంది. "వెండి జుంకి" కన్నా దగ్గర పోలిక నాకు తట్టడం లేదు. "ఇప్పుడు" ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. "విహరించె నల్లదె" అని చూడండి. "అల్లదె" అనగానే వేలు పెట్టి చూపినట్టవుతుంది, "నల్లరెక్క"తో నాదమూ కలుస్తుంది.

వానచినుకు:
బాగుందండీ, అలాగే ఉంచుతాను.

నిర్వాహకుడు:
హాలాహలంతో పూరించినవారు ఇద్దరున్నారు. ధార చక్కగానే ఉంది. కానీ శివుడొచ్చాడు, బాట రాలేదు. షరతు ప్రకారం పక్కన పెడుతున్నాను.

పాదచారి:
పిట్ట యొకటి దాని పీకి నోటను బెట్టి
చేదు సోకి విడిచి చెట్టు జేరె
మరల ముట్టబోదు మచ్చల మేనిని
విషము మేసి పురుగు వృద్ధి నొందె

గరికపోచ:
"చారల మేనిని" అనాల్సింది కదా?

పాదచారి:
అనాలనే ఉంది, కానీ "మ"కు "చా" కుదరదు. పసుపు మచ్చలు ఉన్నాయి కనుక అబద్ధం కాలేదు.

నిర్వాహకుడు:
ఈ వారం నా మనసు ఈ పద్యం దగ్గరే ఆగింది. మొదటి రెండు పూరణల్లో పురుగు విషాన్ని తట్టుకుంది. ఇక్కడ విషమే దానికి కవచమైంది. జిల్లేడుకు చుట్టమైన మిల్క్‌వీడ్ మేసి పెరిగే మొనార్క్ సీతాకోకచిలుక విషయంలో ఇది ప్రయోగాల్లో తేలింది: పురుగు తిన్న విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో నిలుస్తుంది, దాన్ని తిన్న నీలి జే పిట్ట కక్కుకుని మళ్లీ ఆ జోలికి పోదు. ప్లెయిన్ టైగర్ రెక్కలను అచ్చు దింపినట్టుండే ఆడ డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుక కూడా ఈ భయం నీడనే బతుకుతుంది. ఇలాంటి అనుకరణను ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లోనే వివరించాడు. అది కూడా ఒక పూరణకు సరిపోయే సరుకే, ఎవరైనా అందుకోండి.

ఒక్క లోపం: "దాని" అన్నది దేన్నో నాలుగో పాదం వరకూ తెలియదు. సమస్యలో ఈ ఆలస్యం చెల్లుతుంది, విడి పద్యంలో చెల్లదు.

గరికపోచ:
ఈ ఉదయం మళ్లీ వెళ్లాను. ఆ ఆకు మీద పురుగు లేదు. కొరికిన చోట పాలు ఆరి గోధుమరంగు పెచ్చు కట్టాయి. పై కొమ్మన పూలగుత్తి మీద మాత్రం పెద్ద నల్ల తుమ్మెద ఒకటి వాలి ఉంది, దాని కాలికి పుప్పొడి మూట పసుపుగా వేలాడుతోంది.