పాత కోళ్లలో కొత్త పెట్టల్ని కలపడం ఎలా? లియాండర్, టెక్సాస్

ప్రశ్న, లియాండర్ నుంచి:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌కి కొత్తగా వచ్చాం. కొన్న ఇంటితో పాటు నాలుగు పెట్టలు, గూడు కూడా వచ్చాయి. పెట్టలకి రెండేళ్లుంటాయట. ఇంకో మూడు, పది వారాల వయసువి తెద్దామని ఉంది. ఊళ్లో అయితే కొత్త కోడిని రెండ్రోజులు గంప కింద మూసి వదిలేస్తే కలిసిపోయేది. ఇక్కడా అంతేనా? గూడు 8 అడుగులు × 4 అడుగులు, బయట జాలీ కట్టిన జాగా 10 × 8.

జవాబు, రౌండ్ రాక్ నుంచి:
గంప లెక్క ఇక్కడ కుదరదండీ. ఊళ్లో దెబ్బ తిన్న కోడి గోడ దూకి పక్కింటి పెంటకుప్ప మీదికి పోతుంది, సాయంత్రానికి గొడవ చల్లారుతుంది. మీ 80 చదరపు అడుగుల జాలీలో ఓడిన కోడి పోయేది మూలకే. అక్కడ దొరికిందంటే నాలుగూ కలిసి పొడుస్తాయి. ఎవరు పెద్దో తేలేదాకా పొడుచుకోవడం మాన్పించలేం. ఓడినదానికి తప్పుకునే దారి ఉందా లేదా అన్నదే మన చేతిలో ఉన్న పని.

చోటు సరిపోతుంది. కోడికి గూట్లో 4, బయట 10 చదరపు అడుగుల లెక్కన ఏడింటికి ఇబ్బంది లేదు. రాత్రి ఎక్కి కూర్చునే కర్ర మాత్రం కోడికి 10 అంగుళాల చొప్పున ఆరడుగులైనా ఉందో లేదో కొలవండి.

తెచ్చాక మొదటి నెల రోజులు పూర్తిగా విడిగా, వీలైనంత దూరంగా పెట్టండి. వేసవి అయితే గరాజ్ వద్దు, ఆ వేడికి చస్తాయి. యార్డులో ఇంకో చివర నీడ చూడండి. ముందు పాతవాటికి మేత, నీళ్లు పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. చెప్పులు కూడా వేరే ఉండాలి. తుమ్ములు, కంట్లో నురగ, రెట్టలో రక్తం కనిపిస్తాయేమో చూడండి. తోక కింద ఈకలు విడదీసి పేలు, మైట్స్ (కంటికి కనపడీ కనపడనంత చిన్న పురుగులు) వెతకండి. కాలి పొలుసులు పైకి లేచి ఉంటే అదీ మైట్స్ పనే, వాసెలిన్ పట్టిస్తే ఊపిరాడక చస్తాయి. మైకోప్లాస్మా అనే ఊపిరితిత్తుల జబ్బు అంటుకుంటే మందుతో తగ్గినట్టు కనిపించినా కోడి జీవితాంతం దాన్ని మోస్తూ మిగతావాటికి అంటిస్తుంది. అందుకే ఈ నెల రోజుల్ని కుదించొద్దు.

తర్వాత రెండు వారాలు ఒకదానికొకటి కనిపించాలి, తగలకూడదు. జాలీని అడ్డంగా రెండు చేయండి. అరంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్ (పేరుకే క్లాత్, గట్టి ఇనుప జాలీ) వాడండి. చికెన్ వైర్ అని అమ్మే పల్చటి తీగ వద్దు, దాన్ని రకూన్ (రాత్రిళ్లు తిరిగే ఇక్కడి అడవి జంతువు) చింపేస్తుంది, కన్నాల్లోంచి చెయ్యి పెట్టి కోడిని లాగుతుంది కూడా. దాణా గిన్నెలు తీగకి అటూ ఇటూ దగ్గరగా పెడితే పక్కపక్కన తినడం అలవాటవుతుంది. పాతవి తీగ దగ్గర ఈకలు నిక్కబొడుచుకుని తిరగడం మానేశాయంటే తయారైనట్టే.

పది వారాలప్పుడు తెచ్చినవి ఈ లెక్కన 16 వారాలకి కలుస్తాయి. అప్పటికి ఒడ్డూ పొడుగూ దాదాపు సమానం. కోళ్లు వయసు చూడవు, సైజు చూస్తాయి.

జవాబు, కేటీ నుంచి:
పై జవాబుకి దాణా సంగతి కలుపుతున్నా. ఇంటితో పాటు లేయర్ ఫీడ్ (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) బస్తా కూడా వచ్చే ఉంటుంది. కొత్తవాటికి అది పెట్టకండి. అందులో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది, ఇంకా గుడ్డుకి రాని పెట్టలకి 1 శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. కలిపాక ఎవరి గిన్నె ఎవరిదో కోళ్లకి చెప్పలేం కాబట్టి, అన్నిటికీ ఆల్ ఫ్లాక్ ఫీడ్ (ఏ వయసు కోడికైనా పనికొచ్చే దాణా) వేసి, కాల్షియం కోసం ఆల్చిప్పల గుల్ల వేరే గిన్నెలో పెట్టండి. గుడ్లు పెట్టేవి కావలసినంత ఏరుకుని తింటాయి, చిన్నవి పెద్దగా పట్టించుకోవు.

దాణా, నీళ్లు రెండేసి చోట్ల ఉండాలి, అదీ ఒక చోట నుంచి ఇంకోటి కనబడకుండా. లేదంటే పెత్తనం చేసే పెట్ట మధ్యలో నిలబడి రెంటినీ కాపలా కాస్తుంది. టెక్సాస్ ఎండలో నీళ్లకి దూరమైన కోడి పొడుపు కంటే ముందు దాహంతో పోతుంది. జూలై, ఆగస్టుల్లో కలపొద్దని చెప్పేది ఇందుకే.

జవాబు, ఫ్రిస్కో నుంచి:
రాత్రి చీకట్లో కర్ర మీద కూర్చోబెట్టేస్తే పొద్దున్నే ఏమీ గుర్తుండదని చాలామంది చెబుతారు. గుర్తుంటుంది! తెల్లారగానే మూసిన గూట్లోనే మొదలవుతుంది గొడవ. పైన చెప్పిన రెండు వారాలూ అయ్యాక చేస్తే మాత్రం పనికొస్తుంది, పొద్దున వెలుతురు రాకముందే తలుపు తీయాలి.

ఇంకోటి. యాంటీబయాటిక్స్ మన ఊళ్లలోలా ఇక్కడ షాపులో అడిగితే ఇవ్వరు, 2023 జూన్ నుంచి కోళ్లకి కూడా వెట్ (పశువుల డాక్టరు) చీటీ ఉండాలి. రక్తపారుడుకి వాడే ఆంప్రోలియం ఆ లెక్కలోకి రాదు, ఫీడ్ స్టోర్‌లో దొరుకుతుంది. కోళ్లు కొనకముందే సిటీ రూల్సూ, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలూ చూసుకోండి, పాత ఓనరు పెంచాడు కదా అని ధీమా వద్దు.

ప్రశ్న, లియాండర్ నుంచి:
చాలా థ్యాంక్సండీ, చెప్పినట్టే చేశాం. నిన్న మధ్యలో తీగ తీశాం. ఒక పాత పెట్ట వదలకుండా తరుముతోంది, కొత్తదాని తురాయి దగ్గర రక్తం వచ్చింది. కొత్తదాన్ని తీసేయమంటారా?

జవాబు, రౌండ్ రాక్ నుంచి:
దెబ్బ తగిలినదాన్ని కాదు, తరిమేదాన్ని తీయండి. కొత్తదాన్ని తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. పాతదాన్ని మిగతావాటికి కనబడకుండా డాగ్ క్రేట్‌లో నాలుగు రోజులు ఉంచండి, దాణా నీళ్లు అక్కడే. తిరిగొచ్చేసరికి దాని కుర్చీ ఇంకొకరిదవుతుంది, పొగరు తగ్గుతుంది.

రక్తాన్ని మాత్రం ఈ గంటలోనే చూడండి. ఎరుపు కనిపిస్తే మిగతావీ వచ్చి పొడుస్తాయి. ఉప్పునీళ్లతో కడిగి, ఆరాక ఫీడ్ స్టోర్‌లో దొరికే నీలిరంగు మందు చల్లండి, గుడ్లు పెట్టేవాటికి వాడొచ్చో లేదో సీసా మీద చదివి. పసుపు అద్దితే ఎరుపు కనబడుతూనే ఉంటుంది. మనుషుల ఆయింట్‌మెంట్ వాడితే నొప్పి తగ్గించే మందు కలిపిన రకం వద్దు.

జాలీలో రెండు చెక్క పాలెట్లు గోడకి ఏటవాలుగా ఆనించండి. వెనక దారి రెండు వైపులా తెరిచి ఉండాలి, ఒకవైపు మూసుకుపోతే అదే ఉచ్చు. తరుముడు, తల మీద ఒక పొడుపు, ఛాతీతో గుద్దుకోవడం మామూలే, ఓ పది రోజులు ఉంటాయి. కింద పడేసి పైకెక్కి పొడవడం మామూలు కాదు.

రాత్రి కర్ర మీద ఉన్నప్పుడు కొత్తవాటి గొంతు కింద మేత నిలిచే సంచిని వేళ్లతో తడమండి, మెడకి కాస్త కుడివైపు ఉంటుంది. నిండుగా ఉంటే పగలు తిననిచ్చారన్నమాట. వరసగా రెండు రాత్రులు ఖాళీగా తగిలితే కొత్తవి ఎక్కువగా ఉండే చివర మూడో దాణా గిన్నె పెట్టండి.