అమెరికాలో రెండు పెద్ద పార్టీల్ని కాదని మూడో అభ్యర్థికి వేస్తే ఓటు మురిగిపోయినట్టేనా?

సైడుబెంచి: అధ్యక్ష ఎన్నికలో అయితే మురిగిపోయినట్టే. 1992లో ఇండిపెండెంట్ రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు పడ్డాయి, ఎలక్టోరల్ ఓటు (అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలవారీగా ఉండే ఈ ఓట్లే) ఒక్కటీ రాలేదు. 1968లో మరో మూడో అభ్యర్థి జార్జ్ వాలెస్‌కు 13.5 శాతమే వచ్చినా 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి, ఆయన బలమంతా దక్షిణాదిలోనే ఉంది కనుక. మెయిన్, నెబ్రాస్కా తప్ప ఏ రాష్ట్రంలోనైనా దాని ఎలక్టోరల్ ఓట్లు మొత్తం మొదటివాడికే.

ఓరుగల్లు: మన దగ్గరా ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదేగా గెలుపు! 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరికల్లా గద్దెనెక్కింది. అక్కడ జనం బుర్రల్లోనే డెమోక్రాట్లు, రిపబ్లికన్లు అనే రెండు పార్టీలు పాతుకుపోయాయి.

గడప: బుర్రల సంగతి తర్వాత, ముందు బ్యాలెట్ ఎక్కాలి కదండీ. మన అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడాలంటే పదిమంది ప్రతిపాదిస్తే చాలు. అక్కడ రాష్ట్రానికో రూలు. అధ్యక్ష పదవికి టెన్నెసీలో 275 సంతకాలు సరిపోతాయి. న్యూయార్క్‌లో 45 వేలు, అదీ ఆరు వారాల్లో. టెక్సస్‌లో 2024కి 1,13,151. పైగా ఆ ఏడాది ప్రైమరీలో (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటేసినవాళ్ల సంతకం చెల్లదు, ఆ సంగతి అడిగి మరీ పెట్టించుకోవాలి. ఓటరు జాబితాలో లేనివాళ్లవి, రెండుసార్లు పెట్టినవాళ్లవి కొట్టేస్తారు. అందుకే కావలసినదానికి బాగా ఎక్కువే పోగేస్తారు. అయినా గండం గడవదు. 2024లో న్యూయార్క్‌ బ్యాలెట్ నుంచి ఇండిపెండెంట్ రాబర్ట్ కెన్నెడీ జూనియర్ పేరు పోయింది సంతకాలు చాలక కాదు, పిటిషన్‌లో రాసిన చిరునామా ఆయన అసలు నివాసం కాదని జడ్జి తేల్చినందుకు.

సైడుబెంచి: టీవీ డిబేట్ల అడ్డంకి ఇంకోటి. 2000 నుంచి అభ్యర్థుల డిబేట్లు నడిపే కమిషన్, అందులో చోటు కావాలంటే సర్వేల్లో సగటున 15 శాతం మద్దతు అడిగింది. 1992లో అదే రూలుంటే పెరోకే కుర్చీ దొరికేది కాదు.

ఓరుగల్లు: మరి ఫ్లోరిడా, 2000? డెమోక్రాట్ గోర్ మీద రిపబ్లికన్ బుష్ ఆధిక్యం 537, గ్రీన్ పార్టీ నేడర్‌కు 97,488. గోర్ కొంప ముంచింది ఎవరు?

గడప: ఆ బ్యాలెట్ మీదున్న ప్రతి చిన్న అభ్యర్థికీ 537 కన్నా ఎక్కువే పడ్డాయి, అట్టడుగున ఉన్నాయనకు 562. నేడర్ ఒక్కడినే తిట్టడమంటే ఆ ఓట్లు డెమోక్రాట్ల సొత్తనుకోవడమే. 2010 మెయిన్ గవర్నర్ ఎన్నిక చూడండి. రిపబ్లికన్ పాల్ లెపేజ్ సుమారు 38 శాతంతో గెలిచాడు, ఇండిపెండెంట్ ఎలియట్ కట్లర్‌కు 36, డెమోక్రాట్‌కు 19. ఇక్కడ ఓట్లు చీల్చింది ఎవరంటారు?

ఓరుగల్లు: సరే, ఇది ఒప్పుకుంటాను. దీనికి మందు?

సైడుబెంచి: మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లాగా 1, 2, 3 అని ర్యాంకులిచ్చే ప్రాధాన్య ఓటు. మెయిన్ ఓటర్లు 2016లో రెఫరెండంతో తెచ్చుకున్నారు. 2018లో అక్కడి రెండో జిల్లా నుంచి అమెరికా ప్రతినిధుల సభ సీటుకు తొలి లెక్కలో వెనకబడిన జేర్డ్ గోల్డెన్, ఇద్దరు ఇండిపెండెంట్ల ఓట్లు బదిలీ అయ్యాక గెలిచాడు. గోల్డెన్ డెమోక్రాటే, అది మరిచిపోకండి. చీలిక భయం పోయింది, ఇండిపెండెంటుకు సీటు మాత్రం రాలేదు.

గడప: ఒకే ర్యాంకు ఇచ్చి ఊరుకుంటే, ఆ అభ్యర్థి పోగానే ఆ బ్యాలెట్టూ లెక్కలోంచి పోతుంది. ఇంకో తమాషా, మెయిన్‌లో నవంబరు గవర్నర్ ఎన్నికకు ఈ ప్రాధాన్య ఓటు వర్తించదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుపని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది.