కిటికీ హ్యాండిల్ విరిగి చేతికొచ్చింది, పిడి ఒక్కటే మార్చుకోవచ్చా?

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అయిదో అంతస్తు, సముద్రపు గాలి నేరుగా తగిలే ఫ్లాటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి పాత అల్యూమినియం కిటికీలు చాలావరకు పోయాయి. మరుసటి ఏడాది అన్నీ యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెట్టించాం. బయటికి తెరుచుకునే రెక్కలు, లోపలివైపు గ్రిల్, ఒక్కో రెక్కకి ఒక్కో హ్యాండిల్.

నిన్న సాయంత్రం వాన మొదలవగానే అమ్మ పడగ్గది కిటికీ వేయబోయింది. హ్యాండిల్ మెడ దగ్గర పుటుక్కున విరిగి పిడి చేతిలోకి వచ్చేసింది. రెక్కని తాడుతో గ్రిల్‌కి కట్టి రాత్రి గడిపాం, జల్లు కొట్టి పరుపు ఒక పక్క తడిసింది. అమ్మ తన వల్లే విరిగిందని పొద్దుట్నుంచీ బాధపడుతోంది.

కిటికీలు పెట్టినవాళ్ల నంబరు ఇప్పుడు పనిచేయట్లేదు. దగ్గర్లోని షాపతను వచ్చి చూసి "లోపలి లాకుతో సహా మొత్తం మార్చాలి" అన్నాడు. పిడి ఒక్కటే దొరకదా? దొరికితే ఏ కొలత అడగాలి? నేను స్వయంగా బిగించగలనా? ఇంట్లో స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయరు, టేపు ఉన్నాయి. మరో రెండు గదుల్లో కూడా హ్యాండిళ్లు గట్టిపడ్డాయి, అవీ ఎప్పుడు విరుగుతాయో అని భయంగా ఉంది.

హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి

పిడి ఒక్కటే దొరుకుతుందండీ, నేను రెండుసార్లు మార్చాను. విరిగిన ముక్కతో పాటు పిడి కింద రెక్కకి బిగించిన పలక కూడా విప్పి షాపుకి పట్టుకెళ్లండి. ఫోనులో ఫొటో చూపించి తెస్తే నాలాగే మళ్లీ తిరగాల్సి వస్తుంది.

రాజమహేంద్రవరం నుంచి (కిటికీల బిగింపు పని, పదహారేళ్లుగా)

అమ్మా, ముందు మీ అమ్మగారికి చెప్పండి, ఆవిడ తప్పేమీ లేదు. ఈ హ్యాండిళ్లు ఎక్కువగా జింకు మిశ్రమలోహాన్ని అచ్చుపోసి చేస్తారు, పైన రంగు పొడి అద్ది కాలుస్తారు. ఆ పూతలో చిన్న గీత పడితే చాలు, ఉప్పుగాలి లోపలికి దిగుతుంది. పైకి తెల్లగా, శుభ్రంగానే కనిపిస్తుంది, మెడ దగ్గర లోహం మాత్రం లోలోపల గుల్లబారిపోతుంది. అచ్చుపోసిన లోహం వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. సముద్రం ఒడ్డున దాదాపు పదేళ్లు నిలిచిందంటే మంచి సరుకే.

ఇక అసలు సంగతి. హ్యాండిల్ కొనేముందు అది ఎందుకు విరిగిందో తేల్చుకోండి. గట్టిపడ్డ కిటికీకి కొత్త పిడి వేస్తే ఆర్నెల్లలో అదీ విరుగుతుంది. నేను పనికి వెళ్లిన ఇళ్లలో సగం చోట్ల ఇదే చూశాను. పిడి మీద పిడి మార్చుకుంటూ పోతారు, రెక్క జారిపోయిన సంగతి ఎవరూ చూడరు.

పరీక్ష తేలిక. గట్టిపడ్డ ఆ రెండో కిటికీ రెక్కని పూర్తిగా తెరవండి. రెక్క తెరిచి ఉండగానే హ్యాండిల్‌ని మూసే స్థితికి తిప్పండి, మళ్లీ వెనక్కి తిప్పండి. గాలిలో ఉండగా వేలితో తిరిగినంత సులువుగా తిరిగి, రెక్క మూసినప్పుడు మాత్రమే బిగుస్తుంటే లోపల గేరు (షాపతను లాకు అన్నది దీన్నే) బాగానే ఉన్నట్టు. రెక్క కొంచెం కిందికి జారి, దాని అంచున ఉన్న రోలర్లు, మూసినప్పుడు వాటిని పట్టుకునే చట్రం మీది పట్టీలకి సరిగా ఎదురుపడక రుద్దుకుంటున్నాయి. రెక్క తెరిచి ఉన్నా గట్టిగానే ఉంటే మాత్రం తేడా లోపలి గేరులోదే. షాపతను మొత్తం మార్చాలన్నది రెండో రకమైతేనే నిజం. ఈ పరీక్ష ఆయన చేశాడా?

పడగ్గది కిటికీకి కూడా ఇది చేయొచ్చు. పిడి విరిగినా, దాన్ని గేరుకి కలిపే నాలుగు పలకల ఊచ లోపలే ఉండి ఉంటుంది. దాని కొసని ప్లయరుతో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. గట్టిగా ఉంటే అక్కడితో ఆపేయండి, బలవంతం చేస్తే ఊచ మూలలు అరిగి గుండ్రమైపోతాయి.

విశాఖపట్నం నుంచి (ప్రశ్న అడిగినవారు)

ఇప్పుడే చూశానండీ. పడగ్గదిలో రెక్క తెరిచి ఉంటే ఊచ సులువుగా తిరుగుతోంది. రెండో గదిది కూడా అంతే, మూసినప్పుడే బిగుస్తోంది. మూడోది, వంటింటి పక్కది, తెరిచినా మూసినా ఒకేలా గట్టిగా ఉంది. షాపతను అసలు తిప్పి చూడలేదు. అమ్మకి మీరు చెప్పింది చదివి వినిపించాను, కాస్త తేలికపడింది.

రాజమహేంద్రవరం నుంచి

అయితే మొదటి రెండింటికీ లాకు మార్చక్కర్లేదు. వంటింటి పక్కది ఆఖర్న చెబుతాను.

ముందు విప్పడం. పిడికి ఆధారంగా ఉన్న పలక మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని గోటితో కొంచెం పైకి లేపి పావు చుట్టు తిప్పితే కింద రెండు మరలు బయటపడతాయి. హ్యాండిల్ అడ్డంగా, అంటే తెరిచిన స్థితిలో ఉంటేనే రెండూ చక్కగా అందుతాయి. విప్పేటప్పుడు కింద ఒక గుడ్డ పరచుకోండి. గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టాలి గనుక పొట్టి స్క్రూడ్రైవర్ అయితే మేలు. రెక్కకి కట్టిన తాడు విప్పొద్దు, అయిదో అంతస్తులో గాలికి రెక్క చేతిలోంచి లాక్కుపోతుంది.

మరలు తుప్పు పట్టి కదలకపోతే తుప్పు విడదీసే స్ప్రే రెండు చుక్కలు వేసి అరగంట ఆగండి. మర తల మీద గాడి చెడగొట్టుకుంటే తర్వాత డ్రిల్లుతో తీయాల్సి వస్తుంది, కాబట్టి తొందర వద్దు. స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిగ్గా సరిపోయేదే వాడండి.

కొలతలు మూడు. ఒకటి, రెండు మరల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి. మనకి వచ్చే యూపీవీసీ హ్యాండిళ్లలో ఎక్కువ వాటికి ఇది 43 మిల్లీమీటర్లు. రెండు, ఊచ మందం, సాధారణంగా 7 మిల్లీమీటర్లు. ఈ రెండూ యూరప్ కొలతలు, ఆ పద్ధతి కిటికీలతో పాటే ఇక్కడికొచ్చాయి. అందుకే కంపెనీ వేరైనా పిడి చాలాసార్లు సరిపోతుంది. మూడోదే అందరూ మరిచిపోయేది: పలక అడుగు నుంచి ఊచ ఎంత బయటికి ఉందో ఆ పొడవు. ఇది కిటికీకీ కిటికీకీ మారుతుంది. పొట్టిదైతే గేరులోకి పూర్తిగా దిగక కొసన మాత్రమే పట్టి, కొన్నాళ్లకి రంధ్రాన్ని అరగదీస్తుంది. పొడుగైతే పలక రెక్కకి ఆనదు. పొడుగుది దొరికితే దిగులు లేదు, ఆక్సా బ్లేడుతో కోసి, కొస ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. పొట్టిది మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా తేవద్దు.

మరలు మామూలుగా 5 మిల్లీమీటర్ల లావువి. మీ ఊరి గాలికి ఇనుపవి వేయొద్దు. స్టెయిన్‌లెస్‌లో కూడా రకాలున్నాయి. 304 రకం సముద్రం పక్కన టీ మరకలాగా గోధుమరంగు పడుతుంది. 316 రకంలో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకి బాగా తట్టుకునేది అదే. బోల్టుల తల మీద ఏ2 అని ఉంటే 304 జాతి, ఏ4 అని ఉంటే 316 జాతి. చిన్న మరల మీద ఆ గుర్తు లేకపోవచ్చు, అడిగి తీసుకోండి. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు, ఎవరైనా అలా చూపిస్తే నమ్మకండి.

బిగింపు చేత్తోనే. డ్రిల్లు మిషనుతో బిగిస్తే పలక వంగి హ్యాండిల్ పట్టేస్తుంది. ఒక మర కొంచెం, రెండోది కొంచెం, అలా మార్చి మార్చి బిగించండి. మధ్యలో పిడి తిప్పి చూసుకోండి.

వరంగల్ నుంచి

అన్నా, యూపీవీసీ ముచ్చట మంచిగ చెప్పినవ్. మా అసొంటోళ్ల ఇండ్లల్ల ఇంక టేకు కిటికీలే ఉన్నయ్. మా నాయిన వడ్రంగి, ఆయన చేసేటిది చెప్త, ఎవలకన్న పనికొస్తది.

చెక్క రెక్కకు పిడి ఊడిందంటే మర విరగదు, బొర్రె పెద్దగైతది. మర తిరుగుతనే ఉంటది, పట్టదు. చానమంది ఇంక లావు మర తెచ్చి కొడ్తరు, చెక్క పగుల్తది. గట్ల చెయ్యొద్దు. బొర్రెల పాత పొట్టు తీసి, టేకు పుల్లలు సన్నగ చెక్కి, ఫెవికాల్ అద్ది నిండ దిగగొట్టాలె. ఒక రాత్రి ఎండనియ్యాలె. తెల్లారి సమంగ కోసి, సన్న బిట్టుతోని కొత్త బొర్రె పెట్టి పాత సైజు మరనే ఎక్కియ్యాలె. అగ్గిపుల్లలు పెట్టినా నడుస్తది గని టేకు పుల్ల పట్టు వేరే.

ఇత్తడి పిడికి ఇత్తడి మరలే అందం. అయితే ఇత్తడి మెత్తగుంటది, టేకుల సక్కగ ఎక్కిస్తె తల తెగుతది. ముందుగాల గదే సైజు ఇనుప మరను ఒకపారి ఎక్కిచ్చి తీసి, తర్వాత ఇత్తడి మరకు సబ్బు రాసి ఎక్కియ్యాలె. వానకాలంల రెక్క ఉబ్బి పట్టేస్తే పిడి గుంజకుండ్రి. అంచుకు మైనం రాయుండ్రి. రందా పట్టుడు ఎండకాలం దాక ఆపుండ్రి, వానల చెక్కితే ఎండల సందు పడ్తది.

రాజమహేంద్రవరం నుంచి

తమ్ముడూ, ఇనుప మర ముందు ఎక్కించడం మా గురువుగారు కూడా అలాగే నేర్పారు. ఇప్పటి కుర్రాళ్లు అది వదిలేసి ఇత్తడి మర చెక్కలో తెగిపోయిందని తలపట్టుకుంటున్నారు.

ఇంగ్లండ్, లీడ్స్ నుంచి

ఇక్కడ మేమూ ఇదే బాధ పడ్డాం. ఒక విషయం చేరుస్తాను. అన్ని హ్యాండిళ్లకీ ఊచ ఉండదు. పిడి కింద ముక్కులాంటి కొస ఉండి, అది చట్రం మీది చిన్న దిమ్మకి పట్టుకునే రకం ఒకటుంది. పాత అల్యూమినియం కిటికీలకి ఎక్కువ. దానికి కొలవాల్సింది పలక అడుగు నుంచి ముక్కు అడుగు వరకు ఎత్తు. మాకు 21 మిల్లీమీటర్లది కావాలి, తెలియక 9ది తెప్పించుకుని తిప్పి పంపాం. అద్దె ఇల్లయితే విప్పేముందు ఇంటి యజమానికి రాసి చెప్పండి. ఇక్కడ చాలా సందర్భాల్లో బాగుచేయించాల్సింది వాళ్లే.

విశాఖపట్నం నుంచి (ప్రశ్న అడిగినవారు)

ఆదివారం పని అయిపోయింది. మరల మధ్య దూరం 43, ఊచ మందం 7, మీరు చెప్పినట్టే. ఊచ పొడవు 35 ఉండాలి, 40ది దొరికింది, కోసుకున్నాను. హ్యాండిల్ ఒక్కోటి 350 రూపాయలు పడింది, 316 మరలకి మూడు షాపులు తిరగాల్సి వచ్చింది. మొత్తం గంటన్నర పట్టింది, అందులో గంట తుప్పుపట్టిన ఒక్క మరకే.

కొత్త పిడితో కూడా మూసినప్పుడు కొంచెం బిగుతుగానే ఉంది. రెక్క జారిందన్నారు కదా, దానికేం చేయాలి? వంటింటి పక్కది కూడా చెప్పండి.

రాజమహేంద్రవరం నుంచి

చాలా బాగా చేశారమ్మా. జారిన రెక్కకి ముందు చట్రం మీది పట్టీలు చూడండి. వాటి మీద రోలరు రుద్దిన గీతలు ఏ వైపున్నాయో, రెక్క అటు జరిగినట్టు. పట్టీ మరలు కొంచెం వదులు చేసి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటే జరిపి బిగించండి. ముందు పాత స్థానాన్ని పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి. అంతకన్నా ఎక్కువ జారితే పట్టీలతో సర్దొద్దు. బందుల మరలు వదులయ్యాయేమో, గాజు కింద ఉండే ప్లాస్టిక్ ముక్కలు కదిలాయేమో చూడాలి. రెక్కని మూలమట్టంగా నిలబెట్టేవి ఆ ముక్కలే. గాజు కదిపే పని అయిదో అంతస్తులో మీరు చేయొద్దు, పనివాణ్ని పిలవండి.

వంటింటి పక్కదానికి నూనెపొగ, ఉప్పు, దుమ్ము కలిసి గేరులో ముద్దకట్టి ఉంటాయి. రెక్క అంచున పొడుగ్గా ఉన్న లోహపు పట్టీ సందుల్లో స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, పదిసార్లు తిప్పండి. స్ప్రే మురికి వదిలించడానికే, అది ఆరిపోతుంది. తర్వాత కుట్టుమిషను నూనె గానీ తెల్ల గ్రీజు గానీ కొంచెం వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, మన ఇళ్లలో అందరూ వేసేది అదే. అది జిగురుపడి దుమ్ముని పట్టుకుంటుంది. రెండు రోజుల తర్వాత కూడా తిరగకపోతే అప్పుడు గేరు మార్చండి, పాతది విప్పి తీసుకెళ్తేనే సరైనది దొరుకుతుంది.

మూడు నెలలకోసారి హ్యాండిళ్లని మంచినీళ్ల గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. మీ అమ్మగారిని మాత్రం ఆ వంటింటి పక్క కిటికీ ఇప్పుడే తిప్పొద్దని చెప్పండి, నూనె దిగేదాకా.

విశాఖపట్నం నుంచి (ప్రశ్న అడిగినవారు)

పట్టీలు పైవి రెండూ మిల్లీమీటరున్నర కిందికి జరిపాను, ఇప్పుడు అమ్మ రెండు వేళ్లతో వేస్తోంది. వంటింటి పక్క కిటికీలోంచి నల్లటి ముద్ద వచ్చింది, ఇంకా పూర్తిగా వదల్లేదు. ఎల్లుండి మళ్లీ చూసి ఇక్కడే రాస్తాను.