సీసం-సీసం ఎదురెదురు ఢీలలో ఎప్సిలాన్-3ని విడిగా పెంచడం ఎలా?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పైథాన్‌లో సొంతంగా మాంటే కార్లో గ్లౌబర్ కోడ్ (కేంద్రకాల ఢీలను యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కించే నమూనా) రాస్తున్నాను. సీసం-208కి వుడ్స్-శాక్సన్ (కేంద్రక సాంద్రత సూత్రం) వ్యాసార్థం 6.62 ఫెమ్టోమీటర్లు, అంచు మందం 0.546 తీసుకున్నాను. రెండు న్యూక్లియాన్లు (ప్రోటాన్లు లేదా న్యూట్రాన్లు) ఢీకొన్నట్టు లెక్కించే దూరం సుమారు 1.47 ఫెమ్టోమీటర్లు (5.02 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర). పాల్గొన్న న్యూక్లియాన్ల కేంద్రానికి మూలబిందువును జరిపాకే ఎప్సిలాన్‌లు (ఢీ ప్రాంతం ఆకారపు కొలతలు: 2 అండాకారానికి, 3 త్రికోణాకారానికి) లెక్కిస్తున్నాను. మొదట ఆ జరపడం మర్చిపోయి రెండు వారాలు పోయాయి, అందుకే ముందే చెబుతున్నాను.

అసలు ఇబ్బంది ఇది. పూర్తిగా ఎదురెదురుగా తగిలిన ఢీలలో నాకు ఎప్సిలాన్-2, ఎప్సిలాన్-3 దాదాపు సమానంగా వస్తున్నాయి. స్నిగ్ధత త్రికోణ ప్రవాహాన్నే (వి3) ఎక్కువగా తగ్గిస్తుంది కాబట్టి హైడ్రో (ద్రవ ప్రవాహ లెక్క) దాటాక వి2 (అండాకార ప్రవాహం) పెద్దదిగా మిగలాలి. కానీ ఎల్‌హెచ్‌సీ (సెర్న్‌లోని కణ త్వరణ యంత్రం) కొలతల్లో అలాంటి ఢీలకు వి2, వి3 దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

ప్రతి న్యూక్లియాన్‌కీ గామా పంపిణీతో బరువు ఇచ్చి చూశాను. రెండు ఎప్సిలాన్‌లూ కలిసే పెరిగాయి, నిష్పత్తి కదల్లేదు. న్యూక్లియాన్ల మధ్య కనీస దూరం 0.4 పెడితే రెండూ కలిసే కాస్త తగ్గాయి.

ట్రెంటోలో (ఢీ మొదటి స్థితిని లెక్కించే మరో నమూనా) పి అనే పరామితిని సున్నాగా పెట్టి నడిపినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, అక్కడ ఈ నిష్పత్తి మారిందా? లేక సీసం కేంద్రకానికి కాస్త పియర్ పండు ఆకారం ఇవ్వాలా? అది ప్రోటాన్లు, న్యూట్రాన్లు రెండూ మాయా సంఖ్యల్లో ఉన్న గుండ్రని కేంద్రకం కదా, అలా చేయడానికి మనసు ఒప్పడం లేదు. ఎప్సిలాన్-3కి ఆర్ (కేంద్రం నుంచి దూరం) ఘనంతోనే బరువు వేస్తున్నాను.