ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండిని జాకీతో ఎత్తే ముందు ఫ్యూజు కూడా తీసేయాలా?

అందరికీ నమస్కారం. నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షన్ (మామూలు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు) ఉన్న ఎస్‌యూవీకి బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవాలనుకుంటున్నాను. మామూలు స్ప్రింగుల బండ్లకు ఈ పని అలవాటే గానీ, దీని కింద చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

ముందు జాకీ మోడ్ (సిస్టమ్ బండి ఎత్తును తనంతట తాను సర్దకుండా ఆపే సెట్టింగు) ఆన్ చేయాలని మాన్యువల్‌లో ఉంది. చేయకపోతే, బండి ఎత్తగానే ఆ మూల ఎత్తు పెరిగిందని సెన్సర్ చెబుతుంది, సిస్టమ్ ఆ ఎయిర్ స్ప్రింగ్‌లోని గాలి వదిలేస్తుంది. తర్వాత దించేటప్పుడు గాలి లేని రబ్బరు సంచి తప్పుగా మడతపడి పాడైపోవచ్చు. ఇంతవరకు అర్థమైంది.

నా అసలు సందేహం ఇగ్నిషన్ ఆపాక సంగతి. సస్పెన్షన్‌ను నడిపే కంట్రోల్ యూనిట్ ఆ తర్వాత కూడా కాసేపు పనిచేస్తూనే ఉంటుందట, తలుపు తీస్తే మళ్లీ మేలుకుంటుందట. అప్పుడు జాకీ మోడ్ అలాగే నిలుస్తుందా? సస్పెన్షన్ ఫ్యూజు కూడా పీకేయడం మంచిదా, లేక దానివల్ల ఎర్రర్ లైట్లు వెలుగుతాయా?

ఇంకొకటి. బాడీ అంచు కింద ఒక్కో మూలకు ఒక్కటే జాకీ పాయింట్ ఉంది. జాకీ అక్కడ కూర్చుంటే ఎత్తిన బండి బరువు మోసే స్టాండు ఎక్కడ పెట్టాలి? సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ భాగాలు బిగించే లోహపు చట్రం) కింద పెట్టవచ్చా? స్టాండు లేకుండా మాత్రం పని మొదలుపెట్టను. నేల చదునుగానే ఉంది, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు అడ్డం పెడతాను.

చివరగా, దించేటప్పుడు బరువంతా చక్రం మీద పడకముందే ఇంజన్ స్టార్ట్ చేసి గాలి నింపాలా, పూర్తిగా దించాకా? స్వయంగా చేసినవాళ్లు మీ క్రమం చెబితే చాలా మేలు చేసినవారవుతారు.